‘కంపుగాడు’ గెలిచాడు!

పరీక్షలో జవాబు తప్పయితే మార్కు పోతుంది. అంతటితో సరి! కానీ పిల్లలు తమ చేతులతో తయారుచేసిన యంత్రం మొరాయిస్తే... అసలు పాఠం అప్పుడే మొదలవుతుంది. ఆ పాఠం నేర్చుకున్న నలుగురు బడిపిల్లలు ఏకంగా ఎంఐటీ జట్టునే ఓడించారు. గొట్టాలూ జిగురూ కలిపి చేసిన ఓ రోబోతో!

2004 జూన్. అమెరికాలోని శాంటా బార్బరా పట్టణం. ఓ దుకాణంలో ఓ కుర్రాడు అటూ ఇటూ తచ్చాడుతున్నాడు. అతనికి కావాల్సినవి నెలసరి సమయంలో ఆడవాళ్లు వాడే టాంపాన్లు. అడగాలంటే సిగ్గు. అడక్కపోతే కుదరదు. చివరికి ధైర్యం చేసి, అక్కడ సరకులు కొనుక్కుంటున్న ఓ మహిళ దగ్గరికి వెళ్లాడు. తామో రోబో తయారుచేశామనీ అందులోకి నీళ్లు కారుతున్నాయనీ ఆ నీటిని బాగా పీల్చుకునేవి ఏవో చెప్పమనీ అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయినా నవ్వకుండా చూపించింది. వాళ్లు గెలవాలని కోరుకుంటూ పంపించింది.

ఆ కుర్రాడి పేరు లొరెంజో సాంటిలాన్. అతను కొన్న ఆ చిన్న డబ్బా ఆ ఏడాది అమెరికాలో జరిగిన ఓ పెద్ద ఇంజినీరింగ్ పోటీ ఫలితాన్నే మార్చేసింది.

నలుగురూ నాలుగు దిక్కులు

ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం ఎడారి మధ్యలో ఉంటుంది. సముద్రం చూడాలంటే పక్క రాష్ట్రానికి పోవాల్సిందే. ఆ నగరానికి పడమటి వైపు ఉంటుంది కార్ల్ హేడెన్ హైస్కూలు. అందులో చదివేది ఎక్కువగా మెక్సికో నుంచి వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు. అలాంటి బడిలో ఫ్రెడీ లాజ్వర్దీ, అలన్ కామెరాన్ అనే ఇద్దరు మాస్టార్లకు ఓ ఆలోచన వచ్చింది. నీటి అడుగున పనిచేసే రోబోల పోటీకి తమ పిల్లల్నీ తీసుకెళితే ఎలా ఉంటుంది? ఆసక్తి ఉన్నవాళ్లు రావచ్చంటూ కబురుపెట్టారు. చివరికి నలుగురు మిగిలారు.

క్రిస్టియన్ ఆర్సెగా చదువులో దిట్ట. చిన్నప్పటి నుంచీ కనిపించిన వస్తువునల్లా విప్పిచూడటం అలవాటు. లొరెంజోకి పుస్తకాలతో పెద్దగా పొత్తు కుదరలేదు కానీ కార్లు బాగుచేసేచోట చూసిచూసి పనిముట్లతో చనువు ఏర్పడింది. ఆస్కార్ వాస్కెజ్ బడిలోని సైనిక శిక్షణ దళంలో ముందుండేవాడు. మన ఎన్‌సీసీ లాంటిదే అది. పదిమందినీ ఒక్కతాటి మీద నడిపించే నేర్పు అతని సొత్తు. ఇక లూయిస్ అరాండా. భారీ మనిషి, మితభాషి. వంటవాడిగా పనిచేస్తూ చదువుకునేవాడు. రోబోను నీళ్లలోకి దించి పైకి తీయాలంటే అలాంటి బలమైన చేతులు కావాలి మరి!

ఈ నలుగురినీ కలిపే సంగతి మరొకటి ఉంది. చిన్నప్పుడే తల్లిదండ్రులతో మెక్సికో నుంచి వచ్చేసిన వీళ్లెవరికీ అమెరికాలో ఉండేందుకు సరైన కాగితాలు లేవు. సైన్యంలో చేరాలన్నది ఆస్కార్ కల. కాగితాలు లేనివాళ్లను తీసుకోరని తెలిశాక ఆ కల చెదిరిపోయింది. ఆ దిగులులో ఉండగానే రోబో జట్టు అతనికి కనిపించింది.

ఓడితే పెద్దవాళ్ల చేతిలోనే!

పోటీ పెట్టింది సముద్ర సాంకేతిక విద్యకు సంబంధించిన ‘మేట్’ అనే సంస్థ. నాసా, అమెరికా నౌకాదళ పరిశోధన విభాగం లాంటివి దానికి అండ. ఇందులో రెండు తరగతులు ఉండేవి. ఒకటి హైస్కూలు స్థాయి. రెండోది కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ తలపడే పెద్ద స్థాయి. మాస్టార్లు ఇక్కడో చిత్రమైన లెక్క వేశారు. సాటి బడిపిల్లల చేతిలో ఓడిపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. పెద్ద కాలేజీల చేతిలో ఓడితే చిన్నతనం ఏముంటుంది? అందుకే జట్టును పెద్దవాళ్ల పోటీలో చేర్చేశారు. ఆఖరి స్థానం రాకపోతే చాలన్నదే వాళ్ల ఆశ.

డబ్బుల కోసం పిల్లలు తెలిసినవాళ్లనూ స్థానిక వ్యాపారులనూ అడిగారు. సుమారు 800 డాలర్లు పోగయ్యాయి. అదే పోటీకి వస్తున్న ఎంఐటీ జట్టుకు పెద్ద పెద్ద కంపెనీల సాయంతో పదివేల డాలర్లకు పైగా ఉంది.

డబ్బు తక్కువైనప్పుడు బుర్ర ఎక్కువ పనిచేయాలి. ఖరీదైన లోహపు చట్రానికి బదులు ఇళ్లలో నీళ్ల కోసం వాడే పీవీసీ పైపులు తెచ్చారు. కోసి, అతికించి, చట్రం కట్టారు. ఆ గొట్టాల్లో గాలి ఉంటుంది కాబట్టి రోబో నీటిలో తేలడానికీ అవే ఉపయోగపడతాయి. ఎలక్ట్రానిక్ పరికరాలు తడవకుండా నీరు చొరబడని ఓ బ్రీఫ్‌కేసు కొని అందులో అమర్చారు. పైపులకు రాసిన జిగురు వాసన గదంతా కమ్మేసింది. దాంతో రోబోకి ‘స్టింకీ’ అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ‘కంపుగాడు’!

తెలియని సంగతులు ఎదురైనప్పుడు వాళ్లు ఆగిపోలేదు. ఆయా పరికరాలు అమ్మే కంపెనీలకే ఫోన్లు చేశారు. ఉదాహరణకు నీటి అడుగున మునిగి ఉన్న వస్తువు పొడవు కొలవాలి. అందుకు లేజర్ టేపు వాడొచ్చు. కానీ గాలిలో కన్నా నీటిలో కాంతి నెమ్మదిగా ప్రయాణిస్తుంది. దాంతో లేజర్ చూపే దూరం అసలు దూరం కన్నా దాదాపు మూడోవంతు ఎక్కువ ఉంటుంది. ఆ తేడాను సవరించుకోవాలి. భౌతికశాస్త్రం పుస్తకంలో వక్రీభవన గుణకం అన్న మాట చూడగానే ఆవలించే పిల్లలు ఎందరో! అదే మాట వీళ్లకు రోబో గెలుపోటములను తేల్చే సంగతిగా ఎదురైంది. అందుకే ఒంటబట్టింది.

మరో పని ఇంకా కష్టం. నీటి అడుగున ఉన్న పీపాలోంచి ద్రవం తీసుకురావాలి. దాని మూతి చాలా సన్నం. వంచిన రాగి గొట్టం, చిన్న పంపు, దాని చివర ఓ బెలూన్... ఇదీ వీళ్ల ఏర్పాటు. పుట్టినరోజు పండక్కి కట్టే బుడగే అక్కడ ప్రయోగశాల సామగ్రి అయింది!

తెల్లవార్లూ టంకం

తీరా పోటీ దగ్గరికి వెళ్లాక చూస్తే మిగతా జట్ల రోబోలు తళతళా మెరుస్తున్నాయి. వీళ్లది మాత్రం రంగులు పూసిన పైపుల బొమ్మలా ఉంది. సరే, ఎలా ఉంటేనేం అనుకుంటూ సాధన కోసం నీళ్లలోకి దించారు. పైకి తీసి బ్రీఫ్‌కేసు తెరిస్తే... లోపల నీళ్లు! ఎక్కడో కారుతోంది. ఇంకాస్త నీరు చేరితే ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ ఒక్క క్షణంలో పాడైపోతాయి. దానికి తోడు కొన్ని తీగల అతుకులూ సరిగ్గా లేవు.

వేరేవాళ్లయితే తలపట్టుకుని కూర్చునేవాళ్లే. వీళ్లు పనులు పంచుకున్నారు. నీరు కారకుండా పూర్తిగా ఆపడానికి వ్యవధి లేదు. కాబట్టి లోపలికి వచ్చిన నీటిని వచ్చినట్టే పీల్చేసే వస్తువు ఏదైనా పెడితే? టాంపాన్ల ఆలోచన లొరెంజోదే. దుకాణానికి వెళ్లాల్సి వచ్చిందీ అతనే! అలా తెచ్చినవాటిని బ్రీఫ్‌కేసులో సర్దారు. ఇక వెంట్రుకల్లాంటి సన్నటి తీగలకు మళ్లీ టంకం వేయాలి. చెయ్యి వణికితే పని చెడుతుంది. పోటీకి ముందు రాత్రి నిద్ర మానుకుని మరీ ఆ పని పూర్తిచేశారు.

మర్నాడు కంపుగాడు కొలనులోకి దిగాడు. కొలతలు తీశాడు. పీపా మూతిలోకి రాగి గొట్టం సరిగ్గా దూరింది. కొద్ది సెకన్లలోనే బెలూన్ నిండింది. కుర్రాళ్ల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అన్నీ సవ్యంగా సాగలేదు, కొన్ని పనులు కుదరలేదు. నీటిలో చేసిన పనులకు ఎంఐటీ జట్టుకే ఎక్కువ పాయింట్లు వచ్చాయి. కానీ పోటీ అంటే అదొక్కటే కాదు. తయారుచేసినవాళ్లే న్యాయనిర్ణేతల ముందు నిలబడి ప్రతి తీగా ఎందుకు పెట్టారో, ప్రతి గొట్టం ఎందుకు వంచారో చెప్పాలి. నాసా, నౌకాదళాలకు చెందిన నిపుణులు అడిగినదానికల్లా ఈ నలుగురూ తడుముకోకుండా జవాబు చెప్పారు. మోటార్ల వేగాన్ని అదుపుచేసే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ గురించీ వివరించారు. ఎవరో చేసిపెట్టిన రోబో అయితే అది సాధ్యం కాదుగా!

బహుమతులు ప్రకటించే వేళ మొదట ఓ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. అది తమను ఓదార్చడానికే అనుకున్నారు పిల్లలు. తర్వాత డిజైన్‌కి బహుమతి. ఆ తర్వాత సాంకేతిక నివేదికకు బహుమతి. అమెరికాకు వచ్చాకే ఇంగ్లిషు నేర్చుకున్న పిల్లలకు రాతలో బహుమతి రావడం చూసి మాస్టార్లకే నోటమాట రాలేదు. చివరగా మొత్తం పోటీలో రెండో స్థానం... ఎంఐటీ. మొదటి స్థానం... కార్ల్ హేడెన్ హైస్కూలు!

గెలిచాక ఏమైంది?

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. నిజంగానే 2015లో ‘స్పేర్ పార్ట్స్’ పేరుతో సినిమా వచ్చింది కూడా. 2005లో జాషువా డేవిస్ అనే పాత్రికేయుడు ‘వైర్డ్’ పత్రికలో రాసిన కథనంతోనే వీళ్ల సంగతి లోకానికి తెలిసింది. కానీ నిజ జీవితంలో కాగితాల సమస్య అలాగే ఉంది.

2006లో ఆరిజోనా ఓటర్లు ఓ ప్రతిపాదనను ఆమోదించారు. దాంతో కాగితాలు లేని విద్యార్థులు స్థానికులకిచ్చే తక్కువ ఫీజుతో ప్రభుత్వ కాలేజీల్లో చదవడానికి అప్పట్లో వీల్లేకుండా పోయింది. జట్టులో అందరికన్నా చదువరి అయిన క్రిస్టియన్ ఆ ఫీజులు కట్టలేక ఇంజినీరింగ్ మధ్యలోనే మానేశాడు. లొరెంజో, లూయిస్ వంటల్లో శిక్షణ పొంది భోజనాల కాంట్రాక్టులు చేసే సొంత వ్యాపారం మొదలుపెట్టారు. ఆస్కార్ ఒక్కడే నానా తంటాలూ పడి 2009లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా అందుకున్నాడు. నాటి అధ్యక్షుడు ఒబామా ప్రసంగించిన స్నాతకోత్సవం అది. పట్టా ఉన్నా కాగితాలు లేకపోతే ఉద్యోగం ఎవరిస్తారు? అందుకే తనంతట తానే మెక్సికోకి వెళ్లి వీసాకి దరఖాస్తు చేశాడు. పదేళ్లదాకా అమెరికాలో అడుగుపెట్టడానికి వీల్లేదన్నారు అధికారులు. భార్యనూ పసిబిడ్డనూ వదిలి అక్కడి ఫ్యాక్టరీలో పనిచేశాడు. సెనేటర్ డిక్ డర్బిన్ అతని తరఫున గట్టిగా మాట్లాడాక 2010లో వీసా వచ్చింది. తిరిగొచ్చిన ఆస్కార్ చేసిన పనేంటో తెలుసా? సైన్యంలో చేరడం! అఫ్గానిస్థాన్‌లో పనిచేశాడు. అమెరికా పౌరుడూ అయ్యాడు.

ఒకే రోబో, ఒకే గెలుపు, నాలుగు దారులు. యంత్రం ఎవరి కాగితాలూ అడగదు. తీగ సరిగ్గా అతికితే పనిచేస్తుంది, లేకపోతే లేదు. అడిగేది లోకమే! అందుకే ఇలాంటి పోటీలు ప్రతిభను బయటపెడతాయే తప్ప దానికి దారి వేయలేవు. ఆ పని పెద్దవాళ్లది.

ఆటల్లా చదువులూ...

బడిపిల్లలకు ఇంజినీరింగ్ పోటీలు అన్న ఆలోచనకు ఊపు తెచ్చినవాళ్లలో అమెరికా ఆవిష్కర్త డీన్ కామెన్ ఒకరు. పిల్లలు క్రీడాకారులనూ సినిమా తారలనూ ఆరాధించినట్టే శాస్త్రవేత్తలనూ ఎందుకు ఆరాధించకూడదన్నది ఆయన ప్రశ్న. 1989లో ‘ఫస్ట్’ అనే సంస్థను స్థాపించి, 1992లో న్యూహాంప్‌షైర్‌లోని ఓ బడి ఆటల హాలులో మొదటి పోటీ పెట్టారు. వచ్చినవి 28 జట్లు. తర్వాత చిన్నపిల్లల కోసం లెగో బొమ్మలతో చేసే పోటీలూ వచ్చాయి. ఇప్పుడవి మన దేశంతో సహా ఎన్నో దేశాల్లో జరుగుతున్నాయి. వీటిలో ఓ మంచి పద్ధతి ఉంది. అవతలి జట్టు రోబో చెడిపోతే మన పనిముట్లు ఇచ్చి సాయం చేయడం తప్పు కాదు, గొప్ప. పక్కవాడికి జవాబు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పరీక్ష రాసే పిల్లలకు ఇది కొత్త సంగతే కదూ!

ఇదే కోవలో ప్రపంచ దేశాలన్నిటి కోసం 2017లో వాషింగ్టన్‌లో తొలి ‘ఫస్ట్ గ్లోబల్ చాలెంజ్’ జరిగింది. ఒక్కో దేశం నుంచి ఒక్కో జట్టు. అఫ్గానిస్థాన్ తరఫున హెరాత్ నగరానికి చెందిన ఆరుగురు అమ్మాయిలు సిద్ధమయ్యారు. రోబో సామగ్రి సకాలంలో చేరలేదు. వీసా కోసం ఎన్నో వందల కిలోమీటర్లు ప్రయాణించి కాబూల్ వెళితే కాదన్నారు. మళ్లీ వెళ్లారు. మళ్లీ అదే మాట. ఆ సంగతి పత్రికల్లో వచ్చి గొడవయ్యాక నాటి అధ్యక్షుడు ట్రంప్ జోక్యం చేసుకోవడంతో ఆఖరి నిమిషంలో అనుమతి దొరికింది. అన్ని అడ్డంకుల్ని దాటి వచ్చినందుకు సాహసానికిచ్చే వెండి పతకం గెలుచుకున్నారు. 2020లో కరోనా సమయంలో హెరాత్ జట్టే పాత టొయోటా కరోలా కార్ల భాగాలతో తక్కువ ఖర్చులో వెంటిలేటర్ తయారుచేసే పనిలో పడింది. 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారంలోకి రావడంతో జట్టులోని కొందరు దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. అక్కడే ఉండిపోయిన అమ్మాయిలకు మాత్రం హైస్కూలు తలుపులే మూసుకుపోయాయి.

శ్రీహరికోటలో ఆ ఉదయం

చేసింది పాడైపోతే మళ్లీ చేయడం అన్న పాఠాన్ని మన గడ్డమీదే నేర్చుకున్న పిల్లలూ ఉన్నారు. అది పోటీ కాదు కానీ ఏ పోటీకీ తీసిపోని సవాలు. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిన సందర్భంగా దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది అమ్మాయిలతో ఓ ఉపగ్రహం చేయించాలనుకుంది చెన్నైకి చెందిన ‘స్పేస్ కిడ్జ్ ఇండియా’. ఒక్కో బడి నుంచి పదిమంది. ఒక్కో జట్టుకీ చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలిచ్చి, వాటికి ప్రోగ్రాములు రాయడం నేర్పారు. అలా వచ్చిన 75 పరికరాలనూ ఒకచోట చేర్చితే సుమారు ఎనిమిది కిలోల ఉపగ్రహం తయారైంది. పేరు ‘ఆజాదీశాట్’.

2022 ఆగస్టు 7, ఉదయం 9:18 గంటలు. తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి ఇస్రో కొత్త చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలిసారి నింగికెగసింది. తాము చేసినదాన్ని ఆకాశంలోకి సాగనంపడానికి వచ్చిన అమ్మాయిల చప్పట్లతో వీక్షణ ప్రాంగణం మారుమోగింది. కానీ ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన ప్రకంపనలకు త్వరణాన్ని పసిగట్టే సెన్సర్లు తప్పుడు సంకేతాలిచ్చాయి. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో తిరగాల్సిన ఉపగ్రహాలు ఓ పక్క భూమికి కేవలం 76 కిలోమీటర్ల దగ్గరగా వచ్చే కక్ష్యలోకి వెళ్లాయి. అంత కిందికి వస్తే వాతావరణంలోనే పడిపోవడం ఖాయం. ఆజాదీశాట్ కథ అలా ముగిసింది.

తప్పు పిల్లలది కాదు. అయినా వాళ్ల కష్టం పోయింది. అంతటితో వదిలేయలేదు. ఇస్రో లోపాన్ని వెతికి సరిదిద్దింది. స్పేస్ కిడ్జ్ మరో ఉపగ్రహాన్ని సిద్ధం చేసింది. ఆరు నెలలు గడిచాయి. 2023 ఫిబ్రవరి 10న అదే శ్రీహరికోట, అదే 9:18 గంటలు. ఈసారి రాకెట్ గురి తప్పలేదు. ‘ఆజాదీశాట్-2’ 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలోకి చేరింది. ఏ శాస్త్రవేత్త ప్రయాణమైనా ఇలాగే ఉంటుందని ఆ అమ్మాయిలకు పాఠ్యపుస్తకం లేకుండానే తెలిసొచ్చింది.

మన బళ్లో సంగతి?

ఇలాంటి అవకాశం పెద్ద నగరాల్లోని పెద్ద బళ్లకే అనుకోనక్కర్లేదు. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశవ్యాప్తంగా పదివేల పాఠశాలల్లో ‘అటల్ టింకరింగ్ ల్యాబ్’లు వెలిశాయి. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఒక్కో బడికీ 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. త్రీడీ ప్రింటర్లూ సెన్సర్లూ రోబో సామగ్రీ ఉంటాయి. ‘ఇన్‌స్పైర్ మనక్’ పథకంలో మంచి ఆలోచన ఇచ్చిన విద్యార్థికి నమూనా తయారీ కోసం పదివేల రూపాయలిస్తారు.

అయితే సామగ్రి ఉంటే సరిపోదు. తాళం వేసి, తనిఖీకి వచ్చినప్పుడు మాత్రమే తెరిచే గదిలో త్రీడీ ప్రింటర్ ఉన్నా లేనట్టే. కార్ల్ హేడెన్ బడిలో ఉన్నది పైపులూ జిగురే. దాంతోపాటు సాయంత్రాలూ సెలవులూ పిల్లలతో గడిపిన ఇద్దరు మాస్టార్లున్నారు. సైన్స్ ఫెయిర్ కోసం అమ్మానాన్నలు బజార్లో కొనిచ్చిన నమూనా పట్టుకెళ్లిన పిల్లాడికి బహుమతి రావచ్చేమో. కానీ ‘ఇది ఎలా పనిచేస్తుంది?’ అని ఎవరైనా అడిగితే నీళ్లు నమలాల్సిందే.

కాబట్టి ఈసారి మీవాడు పాత రేడియోనో పాడైన మిక్సీనో విప్పి కూర్చుంటే వెంటనే కేకలేయకండి. ప్లగ్గు తీసేశాడో లేదో మాత్రం చూసుకోండి. మీ అమ్మాయి చేసిన బండి నాలుగడుగులు వేసి ఆగిపోతే ‘నీకెందుకే ఇవన్నీ’ అనకుండా ‘ఎందుకాగింది?’ అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఓ రాత్రి నిద్ర మానుకున్న నలుగురు పిల్లలే... మర్నాడు ఎంఐటీని దాటేశారు!